గలరాగా ఆటకు రికార్డు పుస్తకంలో చోటివ్వాలి

సంపాదకులు గారికి,

బేస్‌బాల్ చరిత్రలోని మరపురాని ఘట్టాల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున తొలిసారి బరిలోకి దిగడాన్ని, 1974లో హాంక్ ఆరన్ 715వ హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టడాన్ని వివరంగా రాశారు, సంతోషం. కానీ 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో అర్మాండో గలరాగాకు జరిగినదాన్ని మాత్రం 'అంపైరు పొరపాటు' అంటూ ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ నగర శివారులో చాలాకాలంగా ఉంటున్న తెలుగువాడిగా, ఆ పొరపాటు నేటికీ దిద్దుకోకుండా మిగిలిపోయిందన్న విషయాన్ని మీ పాఠకుల దృష్టికి తేవాలనిపించింది.

ప్రత్యర్థి బ్యాటర్లు 27 మందినీ, ఒక్కరు కూడా మొదటి బేస్ (పరుగు దారిలో తొలి మజిలీ) చేరకుండా, వరుసగా ఔట్ చేసి గెలిస్తే దాన్ని 'పర్ఫెక్ట్ గేమ్' అంటారు. అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో రెండు లక్షలకు పైగా జరిగిన ఆటల్లో ఇంతవరకు నమోదైనవి 24 మాత్రమే, చివరిది 2023లో డొమింగో హెర్మాన్‌ది. డెట్రాయిట్ టైగర్స్ పిచర్ (బంతి విసిరేవాడు), వెనెజువెలాకు చెందిన గలరాగా ఆ రోజు కొమెరికా పార్క్‌లో క్లీవ్‌లాండ్ జట్టు మీద 26 మందిని వరుసగా వెనక్కి పంపాడు. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సహచరుడు ఆస్టిన్ జాక్సన్ వెనక్కి పరుగెడుతూ భుజం మీదుగా పట్టిన క్యాచ్ చూసినవాళ్లు, ఇక దీనికి అడ్డులేదనుకున్నారు. 27వ బ్యాటర్ జేసన్ డొనాల్డ్ నేలబారుగా కొట్టిన బంతిని మరో సహచరుడు మిగెల్ కబ్రేరా అందుకుని విసిరాడు. మొదటి బేస్ దగ్గరికి పరుగెత్తిన గలరాగా దాన్ని పట్టి, డొనాల్డ్ కంటే ముందే బేస్‌ను తొక్కాడు, అంటే డొనాల్డ్ ఔటే. అంపైర్ జిమ్ జాయ్స్ మాత్రం చేతులు చాచి 'సేఫ్' (ఔట్ కాదు) అన్నాడు. గలరాగా చిన్నగా నవ్వాడు, అంతే. వాదించలేదు, తిరిగి వెళ్లి తర్వాతి బ్యాటర్ ట్రెవర్ క్రోను ఔట్ చేసి 3–0తో ఆట ముగించాడు.

ఆట తర్వాత రీప్లే చూసుకున్న జాయ్స్ తన తప్పు దాచుకోలేదు. ఆ కుర్రాడి పర్ఫెక్ట్ గేమ్‌ను తానే పోగొట్టానని విలేకరుల ఎదుటే ఒప్పుకుని, గలరాగాను కలిసి క్షమాపణ చెప్పాడు. మర్నాడు జట్ల జాబితా కాగితాన్ని గలరాగా స్వయంగా తెచ్చి ఇస్తే, అందుకుంటూ జాయ్స్ కన్నీళ్లు తుడుచుకున్నాడు. ఇంత మర్యాదగా నడిచిన అన్యాయాన్ని నేను మరే ఆటలోనూ చూడలేదు. అయినా నాటి లీగ్ కమిషనర్ బడ్ సీలిగ్ నిర్ణయాన్ని మార్చలేదు. హోమ్‌రన్‌ల విషయంలో తప్ప రీప్లే లేని కాలం అది. క్రికెట్‌లో అప్పటికే థర్డ్ అంపైర్‌కు అలవాటుపడిన మనకు అదే వింతగా తోస్తుంది. బేస్‌ల దగ్గరి నిర్ణయాలకు రీప్లే 2014లో గాని రాలేదు.

ఒకటి దిద్దితే పాత తప్పులన్నీ తవ్వాలని వాదించేవారున్నారు. 1985 వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్ పోరు) ఆరో ఆటలో, ఇదే మొదటి బేస్ దగ్గర, అంపైర్ డాన్ డెంకింగర్ ఇచ్చిన తప్పుడు నిర్ణయాన్ని వారు ఉదాహరణగా చూపుతారు. ఆ వాదనలో బలముంది, కాదనను. కానీ ఆ నిర్ణయం తర్వాత ఆట ఇంకా సాగింది, పరుగులొచ్చాయి, ఫలితం తేలింది. ఇప్పుడు దాన్ని సరిదిద్దితే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. గలరాగా విషయంలో ఊహించాల్సింది ఏమీ లేదు. ఆ బంతితోనే ఆట ముగియాలి, గెలుపోటములు మారవు.

పైగా రికార్డులను లీగ్ తాకనిదేమీ కాదు. 1991లో 'నో హిట్టర్' (ప్రత్యర్థికి ఒక్క హిట్, అంటే బంతిని కొట్టి బేస్ చేరే అవకాశం, ఇవ్వని ఆట) నిర్వచనాన్నే మార్చి, 1959లో హార్వీ హాడిక్స్ వరుసగా 12 ఇన్నింగ్స్ లోపం లేకుండా వేసిన ఆటతో సహా 50 ఆటలను జాబితాలోంచి తీసేశారు. 2024లో నల్లజాతి క్రీడాకారుల నీగ్రో లీగ్‌ల గణాంకాలను అధికారిక పుస్తకంలో చేర్చారు. దాంతో ఆ లీగ్‌ల ఆటగాడు జాష్ గిబ్సన్ .372 కెరీర్ బ్యాటింగ్ సగటుతో టై కాబ్‌ను దాటి అగ్రస్థానానికి చేరాడు. ఆయన మరణించిన 77 ఏళ్లకు జరిగిన ఆ దిద్దుబాటు నూటికి నూరుపాళ్లు సరైనది. గలరాగా, జాయ్స్ ఇద్దరూ తమ కళ్లతో చూసుకునేలా ఈ చిన్న దిద్దుబాటు ఎందుకు చేయకూడదు?

చేయాల్సిందల్లా డొనాల్డ్ ఖాతాలో ఒక హిట్‌ను ఔట్‌గా మార్చి, ఆపై జరిగినదాన్ని కొట్టివేయడమే. దానివల్ల ట్రెవర్ క్రో ఖాతాలోంచి ఒక ఔట్ తగ్గుతుంది. అందుకు ఆయన అభ్యంతరం చెబుతాడని నేననుకోను.

ఇట్లు,
మీ పాఠకుడు,
నోవై, మిచిగన్