పచ్చరంగు బొరిగె కొన్నవాళ్ళకి

ముందు పని మాట. ఈ సంక్రాంతి తర్వాత మా కొట్లో పచ్చరంగు వేసిన చేతి బొరిగె (కలుపు తీయడానికి, మట్టి గుల్ల చెయ్యడానికి వాడేది) కొన్నవాళ్ళు దాన్ని తిరిగి తెచ్చివ్వండి. వంగిందా, బాగానే ఉందా అని నేను చూడను, మీరిచ్చిన 190 రూపాయలు చేతిలో పెడతాను. బిల్లు లేకపోయినా పర్లేదు. చేత్తో వాడే వ్యవసాయ పనిముట్లకి జీఎస్టీ లేదు కనక మా దగ్గర సగం మంది బిల్లే అడగరు, కామ (చెక్క పిడి) మీద కాల్చి వేసిన మా కొట్టు గుర్తు ఉంటే చాలు. కొరియర్లో తెప్పించుకున్న హైదరాబాద్, వైజాగ్ వాళ్ళు (మీరు ఖుర్పీ అంటారే, అదే) ఒక ఫోటో పంపండి, డబ్బు ఫోన్‌లో వేసేస్తాను. వస్తువు పంపక్కర్లేదు. కొరియర్ ఖర్చు పెట్టి మరీ ఆ పాడు ఇనుము నాకు పంపడం దేనికి.

ఇక జరిగింది చెప్తాను.

ఫిబ్రవరిలో కడియపులంక నర్సరీలో పనిచేసే ఒక అక్క వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా మా దగ్గరే కొంటుంది, బేరం ఆడదు. కౌంటర్ మీద బొరిగె పెట్టి ఏమీ అనకుండా నిలబడింది. మెడ దగ్గర వంగి, తల వాల్చేసిన మొక్కలా ఉంది. "మట్టి బాగా గట్టిగా ఉందా అక్కా?" అన్నాను. "మట్టి ఎప్పుడూ ఉన్నట్టే ఉంది బాబూ" అంది.

నిజం చెప్పాలంటే ఆ రోజు నేను ఆవిడ మాట నమ్మలేదు. ఏ రాయి కిందో దూర్చి ఎత్తి ఉంటారు అనుకున్నాను. మొహమాటానికి కొత్తది ఇచ్చి పంపాను, అదీ అదే లాట్లోది. వారం తిరక్కుండా అదీ వంగింది. ఆ తర్వాత వేరే నర్సరీల నుంచి ఇంకో ముగ్గురు వచ్చారు. అప్పుడు గానీ వెర్నియర్ తీసి కొలవాలన్న బుద్ధి పుట్టలేదు నాకు. పాత లాట్‌లోది ఒకటి మా ఇంట్లోనే ఉంది, మా ఆవిడ కరివేపాకు చెట్టు దగ్గర వాడుతుంది, అది తెచ్చి పక్కన పెట్టాను. పాతది 2.6 మిల్లీమీటర్లు, అంటే 12 గేజి. కొత్తది 1.6, అంటే 16 గేజి (గేజి అంకె పెరిగితే రేకు పల్చనన్నమాట). రంగు మాత్రం కొత్తదానికే మందంగా ఉంది.

ఒక మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ రేకు వంగకుండా నిలబడే బిగువు మందంతో సమానంగా తగ్గదండి, మందం సగమైతే బిగువు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఆ లెక్కన ఈ కొత్తదాని బిగువు పాతదాంట్లో పావు వంతు కూడా లేదు. పోనీ ఉక్కయినా మంచిదేమో అని అంచు మీద ఆకురాయి పెట్టి రుద్దాను. కాల్చి, ముంచి, గట్టిపరిచిన ఉక్కయితే ఆకురాయి అంత తేలిగ్గా పట్టదు, జారుతూ జారుతూ పోతుంది. దీనికి బెల్లం గీకినట్టు పొడి రాలింది. మెత్త ఇనుము. దాన్ని ఎంత ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినా ఉపయోగం లేదు, గట్టిపడాలంటే తగినంత కార్బన్ ఉండాలి, మెత్త ఇనుములో అది పావు శాతం లోపే. ఇంకా అనుమానం తీరక మెడ దగ్గర రంగు గీకాను. పాతదాంట్లో బ్లేడూ మెడా కామలోకి పోయే తోకా అన్నీ ఒకే ముక్క. ఇందులో రేకుకి ఒక కడ్డీ వెల్డింగ్ చేసి, పైన నున్నగా అరగదీసి, పచ్చరంగు పూసేశారు. మూడు రకాలుగా మోసం, ఒకే వస్తువులో.

సప్లయర్ ఉత్తరాది ఆయన, పేరు ఎందుకులెండి. తొమ్మిదేళ్ళ సంబంధం. కరోనా టైములో డబ్బు ఆలస్యమైతే ఒక్క మాట అనలేదు, అందుకే ఫోన్ చెయ్యడానికి రెండు రోజులు పట్టింది నాకు. మొదట "మెటీరియల్ సేమ్ సార్" అన్నాడు. వెర్నియర్ ఫోటో పంపితే "గేజి కొంచెం తేడా ఉండొచ్చు సార్" అన్నాడు. రంగు గీకిన ఫోటో పంపాక రెండు నీలి టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. వేరే నంబర్ నుంచి చేస్తే ఎత్తాడు, ఈసారి సార్ లేదు. "మూడేళ్ళుగా 120కే కావాలంటారు, పోయినసారి అందులోనూ తగ్గించమన్నారు, ఉక్కు ఎంత పెరిగిందో తెలీదా? రేటు పెంచితే మీరు కొనేవారా?" అన్నాడు.

ఈ మాట రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాస్తున్నాను, ఎందుకంటే అది నిజం. మూడేళ్ళుగా రేటు పెరక్కుండా చూశానని నేనే నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను, ఏ సరుకైనా మూడేళ్ళు అదే రేటుకి ఎలా వస్తుందో ఒక్కసారి కూడా అడగలేదు. అంతమాత్రాన ఆయన చేసింది ఒప్పు కాదు. రేటు పెంచుతాను అని మొహం మీద చెప్పాలి, కాదంటే మానుకునేవాణ్ణి. చెప్పకుండా ఇనుము మార్చి, మా గుర్తు వేసి పంపడం ఏంటి? తొమ్మిదేళ్ళ తర్వాత లాట్ విప్పి కొలుచుకోవాల్సిన స్థితి వచ్చిందంటే ఇంకా కడుపు మండుతోంది.

500 తెప్పించాను. 212 అమ్మాను. 288 మిగిలాయి. ఒక్కోటి 120 చొప్పున 34,560 రూపాయలు మూల కూర్చున్నాయి, వాపసు తీసుకోనన్నాడు. వాటిని ఏం చెయ్యాలన్న దగ్గరే నాకు మూడు వారాలు నిద్ర లేదు. మా నాన్న, ఈ కొట్టు పెట్టిన మనిషి, నలభై ఏళ్ళు ఈ కౌంటర్లో కూర్చున్న మనిషి, ఆయనే అన్నాడు: "వందకి అమ్మేయ్. మిద్దె తోటల వాళ్ళకి ఇది చాలు." ఆ మాటలో తప్పేమీ లేదు, అదే నా బాధ. కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు కలిపిన గ్రో బ్యాగులో ఈ బొరిగె వంగదు, నేనే మా డాబా మీద నెల రోజులు వాడి చూశాను. ఎండిన ఒండ్రు మట్టిలోనే దీని సంగతి బయటపడేది. "తేలిక పనికి మాత్రమే" అని చీటీ అంటించి అమ్మితే అబద్ధమూ కాదు, నష్టమూ చాలావరకు తీరుతుంది. చీటీలు ప్రింట్ కూడా చేయించాను. ఒక సాయంత్రం నలభైకి అంటించాను కూడా.

మర్నాడు పొద్దున్న ఒకావిడ ఆ నలభైలో ఒకటి తీసుకుని, చీటీ చదివి, అక్కడే గోటితో గీకి తీసేసింది. చీటీ ఉంటే చేతికి అంటుకుంటుందట. ఊళ్ళో వాళ్ళ అత్తగారికి పంపడానికట. అంతే, ఆవిడ చేతిలోంచి తీసేసుకున్నాను, పాపం ఏం అనుకుందో. పనిముట్టు ఒక చేతిలో ఉండదండి, పక్కింటికి పోతుంది, ఊరికి పోతుంది, చీటీ ఎక్కడో రాలిపోతుంది, కామ మీద మా పేరు మాత్రం ఉండిపోతుంది. 288 బొరిగెల కామలూ ఊడగొట్టి, ఇనుము తుక్కుకి వేశాను. 62 కిలోలు, కిలో 30 చొప్పున 1,860 వచ్చింది. మా ఆవిడ ఆ అంకె లెక్కల పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసింది. నాన్న ఇంకా మాట్లాడట్లేదు.

ఇప్పుడు కొత్తది. ఇక్కడికి దగ్గర ఊళ్ళో ఒక కమ్మరి ఆయనతో మాట్లాడాను. లారీ కమాన్ పట్టీలు (బండి కింద స్ప్రింగులా పనిచేసే ఉక్కు పట్టీలు) కోసి, కొట్టి పల్చన చేసి, తోకతో సహా ఒకే ముక్కగా తీస్తాడు. కమాన్ పట్టీలో కార్బన్ అర శాతం పైనే ఉంటుంది కాబట్టి కాల్చి ముంచితే గట్టిపడుతుంది, మళ్ళీ కాస్త కాక చూపిస్తే పెళుసుతనం పోతుంది. చెక్క సందులో మొన దూర్చి వంచి చూశాను, వంగి మళ్ళీ లేచింది. ధర 320. తగ్గించను, దయచేసి అడగొద్దు, అడిగి అడిగి ఇక్కడిదాకా వచ్చాం. రోజుకి పది, పన్నెండు మించి రావు, అమావాస్య నాడు కొలిమి వెలిగించడు, అందుకని పేరు రాసుకుని వరసలో ఇస్తాను. ఒకదానికొకటి అచ్చం ఒకేలా ఉండవు. పాతదానికంటే బరువు ఎక్కువ, పెద్దవాళ్ళు చేత్తో పట్టుకు చూసి తీసుకోండి. తుప్పు కూడా పడుతుంది, మట్టి తుడిచి వారానికోసారి ఏదో ఒక నూనె రాయాల్సిందే. మెడ వంగితే ఎప్పుడైనా మార్చి ఇస్తాను, గునపంలా వాడి టైల్స్ పెకలిస్తే మాత్రం ఇవ్వను. పోయినేడు ఒకాయన అదే చేసి నాతో గొడవ పెట్టుకున్నాడు, ఆయన ఇది చదువుతున్నాడని తెలుసు.

ఈ గొడవలో ఒకరు "ఆన్‌లైన్లో అయిదు పనిముట్ల సెట్టు 399కే వస్తోంది, మీ ఒక్క బొరిగే 320 ఏంటి" అని మెసేజ్ పెట్టారు. కొనుక్కోండి. కాకపోతే వచ్చాక ఇప్పుడు చెప్పినవన్నీ చేసి చూడండి: మెడ దగ్గర అతుకుందేమో, కామ మొదట్లో పొన్ను (కామ చివర వేసే లోహపు కట్టు) బిగువుగా ఉందా, ఊపితే కదులుతుందా. రంగూ మెరుపూ చూసి మోసపోకండి, నేనే మోసపోయాను. స్టెయిన్‌లెస్ అంటే చాలామంది అయస్కాంతం తెస్తారు, అంటుకుంటే నకిలీ అంటారు. అది పప్పు గిన్నెల లెక్క. 304 రకం దాదాపు అంటుకోదు, తుప్పూ పెద్దగా పట్టదు, కానీ కాల్చి గట్టిపరచడం కుదరదు. కత్తులూ కటర్లూ చేసే 420 రకం అయస్కాంతానికి అంటుకుంటుంది, అదే గట్టిపడేది.

కొమ్మలు కత్తిరించే కటర్ల సంగతి చాలామంది అడుగుతున్నారు, అవి వేరే సప్లయర్ నుంచి వస్తాయి, ఏ మార్పూ లేదు, అయినా ఈ దెబ్బతో అన్నీ విప్పి చూశాను. గులాబీ, మందార లాంటి పచ్చి కొమ్మలకి రెండు బ్లేడ్లు కత్తెరలా దాటే రకమే తీసుకోండి. బ్లేడు దిమ్మె మీద దిగే రకం ఎండు కొమ్మలకి, పచ్చిదాన్ని నలిపేస్తుంది. స్ప్రింగూ బ్లేడూ విడిగా దొరకని కటర్ ఎంత మెరిసినా వద్దు. స్విట్జర్లాండ్ ఫెల్కో వాళ్ళ కటర్‌కి చిన్న స్క్రూ దగ్గర్నుంచి ప్రతి ముక్కా విడిగా దొరుకుతుంది, కానీ ధర వేలల్లో, మా కొట్లో పెట్టే ధైర్యం నాకు లేదు.

ఇంకోటి. ఆ 288 కామలు గోనె సంచుల్లో ఉన్నాయి. వాటికి మాత్రం వంక పెట్టలేను, మంచి ఆరిన చెక్క, పగుళ్ళు లేవు, ఆయన అందులో మోసం చెయ్యలేదు. మీ ఇంట్లో కామ విరిగి మూల పడేసిన పాత బొరిగె, కొడవలి ఉంటే తెచ్చుకోండి. లక్క పోసి బిగించి ఇస్తాను, డబ్బు వద్దు. మంగళవారం రాకండి, ఆ రోజు కమ్మరి దగ్గరికి పోతాను.