ముందు జన్యువు పేరు తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

ముట్టుకుంటే చాలు ఒంటిమీద నీటిపొక్కులు లేచే పసిపిల్లల ఫొటోలు, సాయం కోరే విజ్ఞప్తులు జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ చూస్తుంటాం. పుట్టుకతో వచ్చే ఆ జబ్బు పేరు ఎపిడెర్మోలైసిస్ బులోసా, క్లుప్తంగా ఈబీ. అమ్మవారు పోసిందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. దానికి తోడు ఇప్పుడు ‘స్టెమ్‌సెల్స్ ఎక్కిస్తే తగ్గిపోతుంది’ అన్న మాట వినబడుతోంది. స్టెమ్‌సెల్స్ అంటే మూలకణాలు, వేరే కణాలుగా మారగలిగేవి. వాటితో చికిత్స అన్నది ఉత్తమాట కాదు. కాని అది సెలైన్‌లా ఎక్కించే మందు కాదు.

ఈబీలో తీవ్రమైన రకాల్లో ఒకటి డిస్ట్రోఫిక్. చర్మం పైపొరను కిందిపొరకు కట్టి ఉంచే తాళ్లు కొల్లాజెన్-7 అనే ప్రొటీన్‌తో అల్లినవి. దాన్ని తయారుచేసే కాల్7ఏ1 జన్యువు మూడో క్రోమోజోము మీద 118 ఎక్సాన్లుగా, అంటే ప్రొటీన్ సూచనలుండే ముక్కలుగా, ఉంటుంది. అమ్మ నుంచి వచ్చిన ప్రతి, నాన్న నుంచి వచ్చిన ప్రతి రెండూ చెడితే తాళ్లు అల్లుకోవు. చొక్కా అంచు రాసుకున్నా చర్మం ఊడొస్తుంది. మానిన పుండ్లతో వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అన్నవాహిక సన్నబడి మెతుకు దిగదు, నడివయసు రాకముందే పాత పుండ్ల మీద క్యాన్సర్ పుడుతుంది.

కాబట్టి ఎవరైనా పిల్లవాడి ఎముక మజ్జ నుంచో కొవ్వు నుంచో కణాలు తీసి, వాటినే తిరిగి ఎక్కిస్తామంటే ఆలోచించండి: ఆ కణాల్లోనూ అదే చెడ్డ జన్యువు ఉంది. సరిదిద్దకుండా ఎక్కిస్తే తప్పును తీసి తప్పునే పెట్టినట్టు. వేరేవాళ్ల మజ్జ కణాలు ఎక్కించడం మీద పరిశోధనలున్నాయి. నొప్పి, దురద కొంతకాలం తగ్గినట్టు కనబడింది. అంతవరకే.

అసలు పద్ధతి వేరు. జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా 2006లో ఎలుక కణాల్లో, 2007లో మనిషి కణాల్లో నాలుగు జన్యువులు ప్రవేశపెట్టి, ముదిరిన కణాన్ని పిండదశ కణంలాంటి స్థితికి తీసుకెళ్లారు. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ ఐపీఎస్ కణాలను ఎన్నాళ్లయినా పెంచుకోవచ్చు, ఏ కణంగానైనా మార్చుకోవచ్చు. ఈబీ పిల్లల చర్మంలో సొంత మూలకణాలు మానీ మానని పుండ్లతో అరిగిపోయి ఉంటాయి, అందుకే ఈ దారి పట్టారు.

4 మిల్లీమీటర్ల పంచ్‌తో చర్మం ముక్క తీస్తారు. అందులోని ఫైబ్రోబ్లాస్ట్‌లు (చర్మం లోపలిపొర కణాలు) పెరగడానికి కొన్ని వారాలు, వాటిని ఐపీఎస్ స్థితికి వెనక్కి తిప్పి గుంపులు లేపడానికి మరో మూడు నాలుగు వారాలు. తర్వాత డీఎన్ఏను కోరిన చోట కోసే క్రిస్పర్ కత్తెరతో చెడిన చోట కోసి, సరైన అక్షరాలున్న అచ్చును పక్కన పెడతారు. చిక్కంతా ఇక్కడే. తెగిన డీఎన్ఏను కణం అచ్చు చూసి కుదురుగా కుట్టుకోవడం తక్కువ. హడావుడిగా రెండు కొసలూ అతికేసి అక్షరాలు పోగొట్టుకోవడమే ఎక్కువ. అందుకని ఒక్కొక్క గుంపునూ విడిగా పెంచి, జన్యువు చదివి, బాగుపడినదాన్ని ఏరాలి. కత్తెర వేరే చోట కూడా కోసిందేమో వెతకాలి. ఇంకో ప్రమాదం: పెంపకంలో 20వ క్రోమోజోములో ఒక ముక్క అదనంగా చేరిన కణాలు, కణాల పెరుగుదలను అదుపులో ఉంచే పీ53 జన్యువు చెడిన కణాలు మిగతావాటికంటే జోరుగా పెరుగుతాయి. వరిమడిలో ఊద లాంటివి. మొదట్లో ఒకటీ అరా, చూస్తుండగానే మడంతా అవే. ఇలాంటి గుంపును పారెయ్యాల్సిందే, ఎన్ని నెలల శ్రమైనా.

నిగ్గుతేలిన కణాలను రెటినోయిక్ ఆమ్లం, బీఎంపీ4 అనే ప్రొటీన్ ఇచ్చి చర్మకణాలుగా మారుస్తారు. మారకుండా మిగిలిపోయినవి ఉంటే శరీరంలో టెరటోమా గడ్డ కట్టవచ్చు. చివరికి పలుచటి చర్మం రేకులు తయారుచేసి, శుభ్రం చేసిన పుండు మీద పరచాలి. వెనక్కి తిప్పడం, జన్యువు సరిదిద్దడం ఒకే దశలో చేసే పద్ధతిని 2024లో అమెరికా పరిశోధకులు ప్రచురించారు. రేకులను పరీక్షించింది ఎలుకల మీద. ఐపీఎస్ చర్మం ఈబీకి ఏ దేశంలోనూ ఆమోదం పొందలేదు.

ఆమోదం పొందినవి వేరే. పిల్లవాడి సొంత చర్మకణాల్లోకి వైరస్ ద్వారా మంచి జన్యువును చేర్చి రేకులు పెంచడం ఒకటి. ఈబీలోనే మరో రకమైన జంక్షనల్ ఈబీ ఉన్న ఏడేళ్ల బాలుడికి జర్మనీలో ఇలా దాదాపు 80 శాతం చర్మం మార్చిన వివరాలు 2017లో వచ్చాయి. డిస్ట్రోఫిక్ రకానికి ఇలాంటి రేకులకే 2025 ఏప్రిల్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది. ధర 31 లక్షల డాలర్లు, అంటే పాతిక కోట్లకు పైనే. ఇంకొకటి, 2023లో అక్కడే అనుమతి వచ్చిన, మంచి కాల్7ఏ1 జన్యువును చేర్చే జెల్. దాన్ని పుండ్ల మీద వారానికోసారి చుక్కలుగా వేయాలి. ఆ జన్యువు క్రోమోజోములో చేరదు కనుక ఆపితే ఫలితం ఆగుతుంది.

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం చుట్టుపక్కల కుటుంబాలు ఇవాళ చేయగలిగింది ఒకటుంది. ఏ జన్యువో తేల్చుకోవాలి. కెరటిన్ 5 లేదా 14 జన్యువు చెడిన సింప్లెక్స్ రకానికి కాల్7ఏ1 మందు పనికిరాదు. బిడ్డదీ తల్లిదండ్రులదీ రక్తం ఊదారంగు మూత గొట్టంలో రెండు మూడు మిల్లీలీటర్లు చాలు. చర్మం ముక్క కూడా పంపితే అప్పుడే లేచిన పొక్కు అంచు నుంచి తీయాలి. ఒకరోజు దాటితే మానుడు మొదలై ఏ పొర విడిందో తెలియదు. అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు అలవాటుకొద్దీ ఫార్మలిన్‌లో వేయడం. ప్రొటీన్లకు రంగు అంటించి చూసే పరీక్షకు ఆ ముక్క ఇక పనికిరాదు. ముక్కలోని ప్రొటీన్లను చెడకుండా ఉంచే మిషెల్ ద్రావణం వాడాలి. లేకపోతే సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డలో చుట్టి 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి.

జన్యువులో తప్పు ఎక్కడో తెలిస్తేనే తర్వాతి కాన్పుకు 11-13 వారాల్లో మావి పరీక్ష సాధ్యం. రెండు ప్రతులూ చెడితేనే వచ్చే రిసెసివ్ రకమైతే ప్రతి కాన్పులోనూ ప్రమాదం నాలుగింట ఒకటి. మేనరికాలు ఇంకా వదలని మన ప్రాంతానికి ఇది పరాయి విషయం కాదు. మేనత్త, మేనమామ పిల్లల పెళ్లిలో పుట్టే బిడ్డకు జన్యువుల్లో 16వ వంతు రెండువైపులా ఒకే పూర్వీకుల నుంచి వస్తుంది; మేనమామనే చేసుకుంటే 8వ వంతు.

ఈలోగా పొక్కును పెద్దది కానివ్వకూడదు. శుద్ధిచేసిన సూదితో పల్లపు వైపు గుచ్చి నీరు తీసి, పై తోలు అలాగే ఉంచి, వాసెలిన్ గాజు పరచాలి. అంటుకునే ప్లాస్టర్ అసలు వద్దు. బిడ్డను చంకల కింద పట్టుకుని ఎత్తకూడదు, దుప్పటితో సహా ఎత్తాలి. కాలవ నీళ్లతో పుండ్లు కడగొద్దు. కాచి చల్లార్చిన నీళ్లలో లీటరుకు 9 గ్రాముల ఉప్పు వేస్తే మంట తక్కువ. రోహిణి కార్తె ఉక్కకు సింప్లెక్స్ పిల్లల అరికాళ్లు మరీ బొబ్బలెక్కుతాయి, గాలాడే నూలు బట్టలే వేయాలి.

మీకు ఒక విన్నపం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తవ్యాధుల్లో చేసే మజ్జ మార్పిడి వంటివి తప్ప మూలకణ చికిత్సను ప్రయోగాల పరిధి దాటి ఇవ్వకూడదు, ప్రకటనలూ వేయకూడదు. నిజమైన ప్రయోగానికి మన దేశంలో వైద్య ప్రయోగాలను నమోదుచేసే సీటీఆర్ఐలో నమోదు నంబరు ఉంటుంది. ప్రయోగంలో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. పిల్లల విజ్ఞప్తి వేసేటప్పుడు జబ్బు రకం, జన్యువు పేరు అడిగి అచ్చువేయండి. అదే పేజీలో ‘స్టెమ్‌సెల్ క్లినిక్’ ప్రకటన వస్తే ముందు ఆ నంబరు అడగండి. చూపించకపోతే వెనక్కి పంపండి.

ఇట్లు,
ఇద్దరు చర్మవ్యాధుల వైద్యులు,
అమలాపురం