ఆ సిస్టర్‌కి మా ఇంటిల్లిపాది తరఫున

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచేసిన సంగతి మర్చిపోయేది కాదు. నీళ్లు తీశాక అసలు కష్టం మొదలైంది. ఇంట్లో మోకాలెత్తు బురద, వీధంతా కంపు, కరెంటు లేదు. మా అవ్వ కాలికి రేకు కోసుకుని చీము పట్టింది, ఆ వాసనకి మేమే ముక్కు మూసుకుంటున్నాం.

అప్పుడొచ్చారు మీరు, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, చేతిలో ప్లాస్టిక్ బకెట్. పేరు అడిగితే "సిస్టర్ అంటే చాలులేమ్మా" అన్నారు, మలయాళం యాసలో. తడి గడప మీదే కూర్చుని అవ్వ కాలు ఒళ్లో పెట్టుకుని గోరువెచ్చని నీళ్లతో పుండు కడిగి కట్టుకట్టారు, మర్నాడూ వచ్చారు, ఆ మర్నాడూ. అవ్వ నొప్పికి తిట్టిపోస్తుంటే (నోరు మంచిది కాదులెండి మా అవ్వది) మీరు నవ్వుతూ ఇంకాస్త దూది తీసుకునేవారు. మేం హిందువులమని తెలిసీ చర్చికి రమ్మని ఒక్క మాటనలేదు.

అదే నెల 11న పోప్ బెనెడిక్ట్ 16 ఫాదర్ డేమియన్‌ని సెయింట్‌గా ప్రకటించారు. బెల్జియం మనిషి. 1873లో హవాయిలోని మొలొకాయ్ దీవికి వెళ్లి కుష్ఠురోగుల మధ్యే ఉండి, పుండ్లు కడిగి, శవపేటికలూ తనే చేసి, చివరికి అదే జబ్బుతో 1889లో పోయారు. ఆయన గురించి చదివినప్పుడల్లా నాకు మీరే కళ్లముందు మెదులుతారు. ధైర్యమంటే గట్టిగా మాట్లాడటమనుకునేదాన్ని అప్పట్లో.

తర్వాత కాన్వెంటుకి వెళ్లి అడిగితే ట్రాన్స్‌ఫర్ అయ్యారన్నారు. అవ్వ ఆ కాలితోనే చాలా ఏళ్లు బజారుకి నడిచింది సిస్టర్, బేరాలాడి మరీ. చాలా చాలా థ్యాంక్స్.