గేమ్ పేరు చెప్పకుండా కార్డు అడిగితే ఎలా?

పెరంబూర్, చెన్నై

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. "అమ్మా, మన గేమ్ సెంటర్ కంప్యూటర్ అటక మీద ఇంకా ఉందా? దానికి ఏ గ్రాఫిక్స్ కార్డ్ కొంటే బాగుంటుంది?" అంతే. తిన్నావా లేదు, నాన్న బీపీ ఎలా ఉంది లేదు. ఇన్నాళ్లు ఫోన్ ఎత్తని పిల్ల రాత్రి రెండున్నరకి గ్రాఫిక్స్ కార్డ్ సంగతి అడిగితే తల్లికి మళ్లీ నిద్ర పడుతుందా? సరే, నేనేమీ అడగను. అడిగినదానికి జవాబు చెబుతాను. ఇదంతా ఫోన్లో చెప్పబోతే "మీటింగ్ ఉంది" అని పెట్టేస్తావు, అందుకే కాగితం తీశాను. మీటింగులు ఉన్నాయి కదా ఇప్పుడు కూడా?

కంప్యూటర్లు ఉన్నాయి, రెండూ. 2015 డిసెంబర్ వరదలకి కింద గదిలోకి నీళ్లొచ్చి కుట్టుమిషన్ పోయింది, మీ నాన్న పెళ్లినాటి సూట్‌కేసు పోయింది, అటక మీదవాటికి మాత్రం చుక్క తగల్లేదు. పెద్దత్త అప్పుడే పాత ఇనుముకి వేసేయమంది. ఆవిడ చెప్పినవన్నీ వింటే ఇంట్లో గోడలు మాత్రమే మిగులుతాయి. మొన్న ఇంకో మాట కూడా మోసుకొచ్చింది. అది తరవాత.

ముందు గేమ్ పేరు చెప్పాలి. సెంటర్‌కి వచ్చిన కుర్రాళ్లకి ఇదే చెప్పేదాన్ని. తెర మీద బొమ్మలు గీసే ఈ కార్డు ఎంత పెద్దదైతే అంత మంచిదనుకునేవాళ్లు డబ్బు పోగొట్టుకుంటారు. నువ్వు మీ కిట్టు మామయ్యతో ఆడిన పాత డాస్ గేములకి త్రీడీ కార్డు అక్కర్లేదు, డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే ఇప్పటి ల్యాప్‌టాప్‌లోనే ఆడొచ్చు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ కూడా అంతే, అది టూడీ ఆట. రాజ్యం కట్టుకుంటూ కూర్చోవాలనుంటే పైసా ఖర్చు లేదు. కానీ రాత్రంతా కట్టుకుంటూ కూర్చోకు.

1996 నుంచి 1999 దాకా వచ్చిన ఆటలైతే వూడూ అనే కార్డు. అప్పట్లో చాలా గేములు వూడూ చేసిన 3డీఎఫ్ఎక్స్ కంపెనీ వాళ్ల గ్లైడ్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేలా రాశారు. నీడ్ ఫర్ స్పీడ్ టూ స్పెషల్ ఎడిషన్‌ని వూడూ లేకుండా ఒకసారి, ఉండగా ఒకసారి చూస్తే అది అదే ఆటని ఒప్పుకోవు. వూడూ టూ అయితే ఒక్కటే సరిపోదు, అది త్రీడీ బొమ్మ మాత్రమే గీస్తుంది. పక్కన మామూలు కార్డు ఒకటి ఉండాలి. దాన్నుంచి చిన్న కేబుల్ వూడూలోకి, వూడూ నుంచి మానిటర్‌లోకి. ఆ కేబుల్ పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ, కొనేటప్పుడు అది ఉందో లేదో ముందు అడుగు. 1999లో వచ్చిన వూడూ త్రీలో ఈ తంటా లేదు, రెండు పనులూ అదే చేస్తుంది. మెమరీ 16 ఎంబీ, ఆటల్లో రంగులు 16-బిట్ వరకే, కానీ ఆ కాలం ఆటలకి అంతకన్నా ఎందుకు? ఆ కంపెనీ పాపం నిలబడలేదు, 2000 డిసెంబర్‌లో ఎన్విడియాకి అమ్ముకుంది. నిన్నటిదాకా అందరూ వాళ్ల కార్డే కావాలన్నవాళ్లు. కంపెనీలు అంతే బుజ్జీ. మునిగిపోతే అందులో పనిచేసినవాళ్ల తప్పా అది? ఊరికే అన్నాను.

ఇప్పుడు అటక మీది కంప్యూటర్ల మదర్‌బోర్డుల సంగతి, అంటే కార్డు గుచ్చే పెద్ద బోర్డులు, ఇది జాగ్రత్తగా చదువు. పాతది పెంటియం త్రీ, ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్. రెండోది పెంటియం ఫోర్, 845 చిప్‌సెట్. రెండింటిలోనూ గ్రాఫిక్స్ కార్డు గుచ్చే గోధుమరంగు ఏజీపీ స్లాటే, కవల పిల్లల్లా ఉంటాయి. కానీ మొదటిది 3.3 వోల్టులది, రెండోది 1.5 వోల్టులకి మించి తట్టుకోదు. మామూలుగా తప్పు కార్డు దూరకుండా స్లాట్‌లో అడ్డు ఉంటుంది, ఆ అడ్డుకి సరిపడా కార్డుకి గాడి. అప్పట్లో కొన్ని కార్డులకి రెండు గాడులూ కోసి అమ్మారు, లోపల మాత్రం 3.3 వోల్టులే. అవి దూరతాయి, ఆన్ చేస్తే బోర్డు పోతుంది. కాబట్టి దూరింది కదా అని స్విచ్ వేయకు. ఏజీపీ వూడూ త్రీ అయితే పెంటియం త్రీలోనే. 845లో వూడూ కావాలంటే తెల్ల స్లాట్‌లో పెట్టే పీసీఐ రకం వెతుక్కో.

2000 నుంచి 2003 దాకా వచ్చిన ఆటలైతే ఆ 845లో ఎన్విడియా వాళ్ల జీఫోర్స్ ఫోర్ టీఐ 4200 కార్డు పెట్టు. టీఐ అని ఎందుకు నొక్కి చెబుతున్నానో నీకు గుర్తుండదు, నువ్వప్పుడు రెండు జడల పిల్లవి.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా సాండ్స్ ఆఫ్ టైమ్ 2003 చివర్లో వచ్చింది. సంక్రాంతి సెలవలకి సెంటర్ నిండుతుందని మీ నాన్న రెండు కొత్త కార్డులు తెమ్మన్నాడు. నేనూ, కిట్టు మామయ్యా కంప్యూటర్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్లాం. మౌంట్ రోడ్డు మీంచి ఆ సందులోకి తిరిగితే మనిషికి మనిషి తగలకుండా నడవలేం, ఒక చేత్తో పర్సు, ఒక చేత్తో మామయ్య చొక్కా. ఒక షాపువాడు డబ్బా చూపించాడు, జీఫోర్స్ ఫోర్ అని ఇంత పెద్ద అక్షరాలు, కింద ఎంఎక్స్ 440 అని చిన్నగా. "ఈ ఎంఎక్స్ ఏమిటి?" అన్నాను. "మోడల్ నంబర్ అక్కా, ఫోర్ అంటే ఫోరే" అన్నాడు. నాకు మనసొప్పలేదు. మామయ్యకి ఆకలేస్తోంది, కొనేశాడు.

ఇంటికొచ్చి బిగించాం. వీధి పిల్లలంతా కుర్చీల వెనక నిలబడ్డారు. గేమ్ ఇన్‌స్టాల్ చేయడానికే ఎంత సేపు పట్టిందో! క్లిక్ చేస్తే తెర ఒకసారి నల్లబడి మళ్లీ డెస్క్‌టాప్. మళ్లీ క్లిక్, మళ్లీ అదే. మామయ్య కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, మార్చాడు, విండోస్ మార్చాడు, పూనకం వచ్చినవాడిలా రాత్రి ఒంటిగంట దాకా అదే పని. నేను మాత్రం గేమ్ డబ్బా తిరగేసి వెనక సన్న అక్షరాలు చదువుతూ కూర్చున్నాను. జీఫోర్స్ త్రీ నుంచి పైవన్నీ పనికొస్తాయి, జీఫోర్స్ ఫోర్ ఎంఎక్స్ తప్ప అని ఉంది. దొరికాడు దొంగ.

మర్నాడు నేనొక్కదాన్నే వెళ్లాను. షాపువాడు "సీల్ తీసేశారు, వెనక్కి తీసుకోం" అన్నాడు. గట్టిగా అడిగితే అప్పటిదాకా అక్క అన్నవాడు మేడమ్ అన్నాడు. ఎదురుగా బల్ల వేసుకుని బోర్డులకి సోల్డరింగ్ చేసే ముసలాయన ఇదంతా వింటున్నాడు. నన్ను పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, రెండు కార్డులు పక్కపక్కన పెట్టి చూపించాడు. ఎంఎక్స్ పేరుకే ఫోర్, లోపలి పనితనం జీఫోర్స్ టూ వంశానిదట. నీళ్ల మీద మెరుపులు, ఎండ పొగలు గీసే పిక్సెల్ షేడర్లు త్రీలోనూ టీఐలోనూ ఉన్నాయి, ఎంఎక్స్‌లో లేవు. తరవాత ఆయనే లేచి షాపువాడితో తమిళంలో ఏదో గట్టిగా అన్నాడు. పైన ఇంకొంత కట్టించుకుని రెండు ఎంఎక్స్‌లకి ఒక టీఐ 4200 ఇచ్చాడు. మూడో నంబర్ సిస్టమ్‌లో అదే. ఆ సెలవలంతా గంటకి ఐదు రూపాయలు ఎక్కువైనా పిల్లలు దానికే లైను కట్టారు. అద్దె అడిగే ధైర్యం లేక నువ్వు నా ఒళ్లో కూర్చుని ఆడేదానివి. ఆ మూడో నంబరే ఇప్పుడు అటక మీదున్న 845. కార్డు మాత్రం సెంటర్ మూసేటప్పుడు కిట్టు మామయ్య పట్టుకుపోయాడు, అడిగితే కాలిపోయిందంటాడు.

కొనేటప్పుడు 128 ఎంబీ అని మురిసిపోకు. టీఐ 4200లో 64 ఎంబీ దానికే మెమరీ వేగం ఎక్కువ పెట్టారు. ఎఫ్ఎక్స్ 5200 అని చవగ్గా అంటగడతారు, అది ఆ తరవాతి ఆటలు అడిగే డైరెక్ట్ఎక్స్ నైన్ ఉన్నదని పేరే గాని టీఐ ముందు నడవలేదు. విండోస్ 98 వేసుకుంటే ర్యామ్ 512 ఎంబీ దాటనివ్వకు, అంతకు మించితే అది మొరాయిస్తుంది. డ్రైవర్ కూడా ఆఖరిది కాకుండా 45.23 వెయ్యి, పాత ఆటలకి అదే కుదురుగా ఉంటుంది.

మీ బెంగళూరులో ఎస్పీ రోడ్ ఉంది కదా, వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొను. చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉండాలి, ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా వద్దు. ఫ్యాన్ వేలితో తిప్పితే ఆగకుండా తిరగాలి. కింద బంగారు పళ్ల మీద చిలుము ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా ఒకే వైపు రుద్ది, పొట్టు బ్రష్‌తో దులుపు. మన ఊరి సముద్రగాలికి ఇక్కడి సరుకు తొందరగా పాడవుతుంది, అక్కడిదే నయం. ఎస్ఎమ్‌పీఎస్ అంటే కరెంటు ఇచ్చే డబ్బా, అది పాతదే పెట్టి స్విచ్ వేయకు, కొత్తది కొను. అన్నిటికన్నా ముందు ఒంట్లో స్టాటిక్ దిగిపోయేలా ఇనప కేసు ముట్టుకుని తరవాత బోర్డు ముట్టుకో. ఎన్నిసార్లు చెప్పినా వినవు. వూడూ అంటే ఈమధ్య వేలకి వేలు అడుగుతున్నారట. ఇంత అవస్థ ఎందుకు, డీజీవూడూ అని సాఫ్ట్‌వేర్ ఉంది, చాలా పాత గేములు మామూలు కంప్యూటర్‌లోనే ఆడిస్తుంది అంటాడు మామయ్య. అదీ నిజమే. కానీ నువ్వు సాఫ్ట్‌వేర్ అడగలేదు, అటక మీదది అడిగావు. అది తీసుకెళ్లాలంటే ఇంటికి రావాలి. వారం మధ్యలో వస్తానన్నా నేనేమీ అనను.

పెద్దత్త మాటేమిటంటే, మీ కంపెనీలో చాలామందిని తీసేశారట, సుమతి కొడుకు మీ బిల్డింగ్‌లోనే ఉంటాడు కదా, నువ్వు పగలు కూడా గదిలోనే కనిపిస్తున్నావట. ఇంటి నుంచే పని అయ్యుంటుంది అన్నాను. అవునో కాదో నువ్వే రాయాలి. అవును కాకపోయినా రాయి. మీ నాన్న సెంటర్ మూసినప్పుడు మేం అన్నం మానేశామా? అక్కడ ఒక్కదానివే కూర్చుని టెన్షన్ పడితే బుగ్గలు పీక్కుపోవడం తప్ప ఏమీ రాదు. పొద్దున ఏదో ఒకటి తినే బయటికి వెళ్లు, తలకి నూనె పెట్టుకో, రెండున్నర దాకా మేలుకోకు. కరివేపాకు పొడి, గోంగూర సీసా కట్టి ఉంచాను. సుమతి కొడుకుతో పంపుదామంటే వాడు దారిలో సీసా తెరుస్తాడు, వచ్చి పట్టుకెళ్లు.

కార్డు నీ డబ్బుతో కొనకు. రేపు బ్యాంకుకి వెళ్లి నీ అకౌంట్‌లో వేస్తాను, మిగిలింది వెనక్కి పంపావంటే ఊరుకోను. కార్డుకి ఇంతెందుకు అని మీ నాన్న అడిగాడు. మానిటర్‌కి, కీబోర్డుకి, ఎస్ఎమ్‌పీఎస్‌కి, ఆరు నెలల ఇంటి అద్దెకి అని చెప్పాను.

అమ్మ