మన సీటీ ప్రోటోకాల్స్ సర్దుదాం
అన్నలకు, అక్కలకు నమస్తే. నిన్న నైట్ డ్యూటీలో దేవరకొండ వైపు నుంచి తలకు దెబ్బ తగిలిన ఐదేళ్ల పాపను తెచ్చారు. సీటీ స్కాన్ మెషీన్ కన్సోల్‌లో 'హెడ్' పేరుతో నాలుగు ప్రోటోకాల్స్ (స్కాన్ కోసం ముందే సేవ్ చేసిన సెట్టింగ్స్) ఉన్నాయి. ఏది పిల్లలదో పేరు చూస్తే తెలియదు. తొందరలో పెద్దవాళ్లది తెరిచాను. బటన్ నొక్కే ముందు సీటీడీఐ (స్కాన్ రేడియేషన్ డోసు కొలత) 60 మిల్లీగ్రే కనిపించేసరికి గుండె జల్లుమంది. పిల్లలది వెతికి పెడితే దాదాపు సగానికి దిగింది.

ప్రోటోకాల్స్‌ను ఒకేచోట ఉంచే కొత్త సాఫ్ట్‌వేర్ మనకు అందుకే కావాలి. మాస్టర్ కాపీ ఒక్కటే ఉంటుంది. కేవీ, ఎంఏ (ఎక్స్-రే వోల్టేజ్, కరెంట్) ఎవరు ఎప్పుడు మార్చారో రాసి పెడుతుంది, డోసు హద్దు దాటితే చెబుతుంది. దయచేసి సొంత కాపీలు సేవ్ చేయకండి. మార్పు కావాలంటే రేడియాలజిస్ట్ మేడమ్‌ను అడిగాకే. ఆదివారంలోపు మీ మెషీన్‌లోని ప్రోటోకాల్ లిస్ట్ ఫోటో ఇక్కడ పెట్టండి. పిల్లలవి ముందు చూద్దాం.