టేకు సరే, చెక్క ఆరిందా?

సంపాదకులకు,

ప్రొద్దుటూరులో వడ్రంగి పని చేస్తాను. ఇల్లు కట్టేవాళ్లంతా "టేకేనా?" అని అడుగుతారు తప్ప, ఆరిందా అని అడగరు. కడప జిల్లా ఎండకు పచ్చి చెక్క ఏ జాతిదైనా ఊరుకోదు. మార్చిలో బిగించిన తలుపు మే నెలకల్లా సందులిస్తుంది. చెక్క పొడవునా దాదాపు కుంచించుకోదు, అడ్డంగానే కుంచించుకుంటుంది. అందుకే ఫ్రేము గాడిలో పలకకు జిగురు పెట్టకుండా కాస్త ఎడం వదులుతాం. జిగురు పెట్టి బిగిస్తే పలక నిలువునా చీలుతుంది.

టేకైనా అంచున ఉండే తెల్లచెక్కకు చెదలు పడతాయి. దానికే రంగు పూసి అంటగడుతున్నారు. నేలకు తగిలే ద్వారబంధానికి చేవ (నడిమి గట్టిచెక్క) ఉన్న వేగిస చెట్టు చెక్క పెట్టుకోవడం ఎంతో మేలు. వేప కూడా తీసిపారేసేదేమీ కాదు, ఆరబెట్టే ఓపికుంటే.

కలప అమ్మే డిపోల బిల్లు మీద ఘనపుటడుగులు రాస్తారు, తేమ రాయరు. తలుపు చెక్కలో తేమ 10-12 శాతం ఉంటే మంచిది. కొలిచే మీటరు అరచేతిలో పడుతుంది. కొనేవాళ్ల ముందే కొలిచి, ఆ అంకె బిల్లులో రాసేలా అధికారులు నిబంధన పెట్టాలి. చెక్క వంకర పోయిన ప్రతిసారీ మాటలు పడేది మేమే.

- ఒక వడ్రంగి, ప్రొద్దుటూరు