‘లోజ్వరం’ అని మాత్ర మింగే ముందు

సంపాదకులకు,

నెలసరికి వారం పది రోజుల ముందు ఒళ్లు వెచ్చబడితే లోజ్వరమనుకుని మెడికల్ షాపులో మాత్రలు కొని మింగే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. కొన్నిచోట్ల యాంటీబయాటిక్ కూడా అంటగడుతున్నారు. గర్భిణుల విషయంలో సరిగ్గా దీనికి తిరుగు: నిజంగా జ్వరం కాస్తున్నా ‘వేడి చేసిందిలే’ అని సబ్జా నీళ్లతో సరిపెడుతున్నారు. రెండూ ప్రమాదమే, రెండోది మరీను.

అండం విడుదలయ్యాక, అది ఉన్న తిత్తి ప్రొజెస్టెరాన్‌ను తయారుచేస్తుంది. మెదడులో ఒంటి వేడిని అదుపుచేసే హైపోథాలమస్ మీద ఈ హార్మోన్ పనిచేసి, ఆ స్థాయిని కాస్త పైకి జరుపుతుంది. పెరిగేది అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ ఫారెన్‌హీట్. తెల్లవారుజామున 97.2 ఉండే మనిషికి 97.8 అవుతుంది. సాయంత్రానికి ఎవరికైనా ఇంకాస్త పెరుగుతుంది కాబట్టి, ఆ రోజుల్లో 99 కనిపించినా జ్వరం కాదు, మందు అక్కర్లేదు. నెలసరి వచ్చే ముందురోజో, ఆ రోజో దానంతటదే దిగుతుంది. దిగకుండా రెండు వారాలకు మించి సాయంత్రం జ్వరం వస్తూ, దగ్గు ఉన్నా, బరువు తగ్గుతున్నా క్షయ పరీక్ష చేయించాలి.

పిల్లలు కావాలని, అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలుసుకోవడానికి రోజూ తమ ఒంటి ఉష్ణోగ్రత రాసుకునేవాళ్లు కొలిచే పద్ధతిలోనే తప్పుతున్నారు. నుదుటి దగ్గర పెట్టే గన్ ఇందుకు పనికిరాదు. రెండు దశాంశాలు చూపే డిజిటల్ థర్మామీటర్ కావాలి. కనీసం మూడు గంటలు నిద్రపోయి లేచాక, మంచం దిగకముందే, నీళ్లు కూడా తాగకముందే, రోజూ ఒకే వేళకు నాలుక కింద పెట్టి నోరు మూసుకోవాలి. నైట్ డ్యూటీ, జలుబు, రాత్రంతా నిద్రలేమి ఉన్న రోజు అంకె పక్కన గుర్తు పెట్టుకోవాలి. వరుసగా మూడు రోజుల అంకెలు అంతకుముందు ఆరు రోజులకన్నా పైన ఉంటేనే అండం విడుదలైనట్టు లెక్క. అయితే వేడి పెరిగేది విడుదలయ్యాక. అండం బతికేది 12 నుంచి 24 గంటలే. పెరిగాక కలుద్దామనుకుంటే ఆ నెల దాటిపోయినట్టే. అంతకుముందు గుడ్డు తెల్లసొనలా సాగే తెల్లబట్ట కనిపించే రోజులే అనువైనవి. పెరిగిన వేడి 18 రోజులు దిగకపోతే గర్భ పరీక్ష చేసుకోవచ్చు. ప్రొజెస్టెరాన్ మందులు వాడుతున్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు, ఆ మందే వేడిని నిలబెడుతుంది.

గర్భం నిలిచాక మొదటి మూడు నెలలు ఆ వెచ్చదనం కొనసాగి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. నెలలు నిండేకొద్దీ ఒళ్లు మండినట్టుండి చెమటలు పట్టినా థర్మామీటర్ మామూలుగానే చూపిస్తుంది. చర్మానికి రక్తప్రసరణ పెరగడం, బిడ్డ ఒంటి వేడిని తల్లి వదిలించుకోవాల్సిరావడం అందుకు కారణం. అది మాత్రం వేడే. ఫ్యాను, నీళ్లు, పలుచని నూలుబట్టలు చాలు.

100.4 దాటిందా, అది హార్మోన్ పని కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, డెంగీ, మన్యంలోనైతే మలేరియా కావచ్చు. తొలి వారాల్లో 102 దాటే జ్వరం బిడ్డ వెన్నుపాము ఏర్పడటాన్ని దెబ్బతీసే అవకాశముంది. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేసుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా వాడొద్దు. 20 వారాలు దాటాక అవి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీటిని తగ్గించవచ్చు. మెడికల్ షాపులవారు మాత్ర ఇచ్చే ముందు ‘ఎన్నో నెల?’ అని అడగాలి.

— ఒక స్త్రీవైద్య నిపుణురాలు, గుంటూరు